టెస్లా తీగచుట్టకు పాత ఓవెను ట్రాన్స్‌ఫార్మరు తగునా?

నికోలా టెస్లా 1891వ సంవత్సరమున న్యూయార్కులోని కొలంబియా కళాశాలలో ఉపన్యసించుచు, తీగలతో కలుపని గాజు గొట్టములను వెలిగించి చూపి సభ్యులను ఆశ్చర్యపరచెను. ఆనాటి నుండి ఆయన పేర వెలసిన తీగచుట్టను ఇంటిలో స్వయముగా నిర్మింపవలెనను కోరిక ఎందరో విజ్ఞానాభిలాషులకు కలుగుచున్నది. అమెరికా, ఐరోపా దేశములలోని ఔత్సాహికులు దీనికి విద్యుచ్ఛక్తి నందించుటకు చిరకాలము నియాన్ దీపపు బోర్డుల ట్రాన్స్‌ఫార్మరును వాడిరి. తరువాత, పాడైపోయిన మైక్రోవేవ్ ఓవెనుల నుండి ఊడదీసిన ట్రాన్స్‌ఫార్మరులను పలువురు వాడసాగిరి. అట్టి ఓవెనులు మన పట్టణములలోని పాత సామానుల దుకాణములకును చేరుచున్నవి. కనుక పాఠశాలా విజ్ఞాన ప్రదర్శనములకు సిద్ధమగు విద్యార్థుల కన్ను వీనిపై పడుట సహజము. ఈ పద్ధతి గుణదోషములను విచారించుట అవసరము.

మొదట గుణములను చెప్పుట న్యాయము. పారవేసిన వస్తువు నుండి పరికరమును నిర్మింపబూనుట మెచ్చదగిన ప్రయత్నము. ఓవెను ట్రాన్స్‌ఫార్మరు దృఢమైనది, చౌకగా దొరకునది, వేయి వాట్లకు మించిన సామర్థ్యము గలది. సామర్థ్యము హెచ్చుగా నున్నచో మెరుపు పొడవగునని తలచుటయు సహజమే. కాని పరికరమునకు కావలసినది ఉత్త సామర్థ్యము కాదు. ఆ సామర్థ్యము ఏ రూపమున లభించుచున్నదను ప్రశ్న ముఖ్యము. చిక్కంతయు ఇచ్చటనే యున్నది.

టెస్లా చుట్ట పనిచేయు విధమును ఉయ్యాలతో పోల్చవచ్చును. ఉయ్యాల ఊగు కాలమును కనిపెట్టి, దానికి సరిగా ఒక్కొక్క చిన్న త్రోపు త్రోసినచో అది క్రమముగా ఎత్తునకు లేచును. దీనినే అనునాదమందురు. టెస్లా చుట్టలో ట్రాన్స్‌ఫార్మరు మొదట ఒక కండెన్సరును విద్యుత్తుతో నింపును. వోల్టేజి తగినంత పెరిగినప్పుడు స్పార్కు సందులో రవ్వ దూకి, ఆ సందు విద్యుద్వాహకమగును. అప్పుడు కండెన్సరులోని శక్తి కొలది చుట్లు గల ప్రధాన తీగచుట్టలోనికి ప్రవహించి, సెకనుకు లక్షకు పైగా మారులు అటునిటు డోలనము చేయును. వందలకొలది చుట్లు గల గౌణ తీగచుట్ట స్వాభావిక పౌనఃపున్యము దీనితో సమానమైనచో, శక్తి దానిలోనికి చేరి పైకొనయందు మెరుపుగా వెలువడును. శక్తి చేరిన వెంటనే సందులోని రవ్వ ఆరిపోవలెను. లేనిచో చేరిన శక్తి వెనుకకు మరలును.

ఇక ఓవెను ట్రాన్స్‌ఫార్మరు సంగతి. ఇది మాగ్నెట్రాన్ అను గొట్టమునకు శక్తి నిచ్చుటకై చేయబడినది. మాగ్నెట్రానుకు సుమారు 4,000 వోల్టులు కావలెను. కాని ట్రాన్స్‌ఫార్మరు ఇచ్చునది సుమారు 2,000 వోల్టులే. మిగిలిన పని ఓవెనులోని కండెన్సరును, డయోడును చేయును. వ్యయము తగ్గించుటకై దీని ఇనుప గర్భమును అయస్కాంత సంతృప్తతకు చేరువగా పనిచేయునట్లు నిర్మింతురు. అందువలన బరువేమియు లేనప్పుడు కూడ ఇది మిక్కుటముగా విద్యుత్ప్రవాహమును గ్రహించి వేడెక్కును. ఓవెనులో నున్నప్పుడు పంకా గాలి తగులుచుండుటచే, కొలది నిమిషముల పనికి ఇది నిలుచుచున్నది.

ఒక లెక్కను చూచినచో విషయము తేటపడును. నియాన్ ట్రాన్స్‌ఫార్మరు 15,000 వోల్టుల నిచ్చుననుకొందము. దాని గరిష్ఠ విలువ సుమారు 21,200 వోల్టులు. కండెన్సరు 0.01 మైక్రోఫారడు అయినచో, ప్రతి రవ్వకు నిలువయగు శక్తి 2.25 జౌళ్ళు. అదే కండెన్సరును 2,000 వోల్టుల ఓవెను ట్రాన్స్‌ఫార్మరుతో నింపినచో గరిష్ఠ వోల్టేజి సుమారు 2,830. నిలువయగు శక్తి 0.04 జౌళ్ళు మాత్రమే. వోల్టేజి ఏడున్నర రెట్లు తగ్గగా శక్తి దాని వర్గము చొప్పున 56 రెట్లు తగ్గినది.

ఈ లోటును పూడ్చుటకు కండెన్సరును 56 రెట్లు పెంచవచ్చునని ఔత్సాహికుడు చెప్పును. నిజమే. కాని పౌనఃపున్యము మారకుండవలెనన్నచో ప్రధాన చుట్ట ప్రేరకత్వమును 56 రెట్లు తగ్గింపవలసి వచ్చును. మొదట 100 మైక్రోహెన్రీలున్నచోట 1.8 మైక్రోహెన్రీలకంటె తక్కువయే మిగులును. ప్రేరకత్వము చుట్ల సంఖ్య వర్గమును అనుసరించును గనుక, పది చుట్లు ఉండవలసిన చోట ఒకటి, ఒకటిన్నర చుట్లకు దిగవలెను. నష్టములను లెక్కింపనిచో, మొదటి అమరికలో గరిష్ఠ ప్రవాహము సుమారు 212 ఆంపియర్లు. రెండవదానిలో సుమారు 1,600 ఆంపియర్లు. ఇంతటి ప్రవాహము స్పార్కు సందు గుండ పోవలసి యున్నందున, వేడిమిగా వ్యర్థమగు భాగము పెరుగును. కొండను త్రవ్వి ఎలుకను పట్టినట్లు, వేయి వాట్ల యంత్రమును పెట్టి పొందునది స్వల్ప ఫలము.

స్పార్కు సందు స్థితియు ఇట్టిదే. 21,000 వోల్టులకు ఆరేడు మిల్లీమీటర్ల సందు అమరును. 2,830 వోల్టులకు అర మిల్లీమీటరుకు ఇంచుమించుగా మాత్రమే సందు నుంచవలెను. కొనలు కాలి కొంచెము తరిగినను సందు పెరిగి పని ఆగిపోవును. మరియు, ట్రాన్స్‌ఫార్మరు నుండి ప్రవాహము ధారాళముగా వచ్చుచుండుటచే, ఆరిపోవలసిన రవ్వ ఆరక ఎడతెగని జ్వాలగా మారును. ఉయ్యాల త్రోసినవాడు చేయి తీయక పట్టుకొని యున్నట్లగును.

రెండు, నాలుగు ట్రాన్స్‌ఫార్మరులను వరుసగా కలిపి వోల్టేజిని పెంచువారు కలరు. ఇందులో వేరొక దోషము దాగియున్నది. ఈ ట్రాన్స్‌ఫార్మరులో గౌణ చుట్ట ఒక కొన ఇనుప గర్భమునకే అతుకబడి యుండును. వరుసలో పైకి పోయినకొలది ఇనుప గర్భమే వేల వోల్టులకు లేచును. ప్రధాన చుట్టకును గర్భమునకును నడుమనున్న కాగితపు రక్షణ అట్టి వోల్టేజికై ఉద్దేశింపబడినది కాదు. చౌకగా దొరకెనన్న వస్తువు ఈ విధముగా చిక్కుపై చిక్కు తెచ్చిపెట్టును.

ఇంతవరకు చెప్పినది పరికర దోషము. దీనికంటె ముఖ్యమైనది ప్రాణహాని. 50 సైకిళ్ళ విద్యుత్తు పదియవ వంతు ఆంపియరు ప్రమాణమున ఛాతీ గుండ ప్రవహించినచో గుండె లయ తప్పి మరణము సంభవింపవచ్చును. ఓవెను ట్రాన్స్‌ఫార్మరు అర ఆంపియరును, అంతకు మించియు ఇయ్యగలదు. నియాన్ ట్రాన్స్‌ఫార్మరు సాధారణముగా 30 లేక 60 మిల్లీ ఆంపియర్లకు పరిమితమై యుండును. అదియు ప్రాణాపాయకరమే, కాని దానినుండి బయటపడుటకు కొంత అవకాశమున్నది. ఓవెను ట్రాన్స్‌ఫార్మరు అట్టి అవకాశము నిచ్చునది కాదు. తీగను ఊడదీసిన పిదపకూడ కండెన్సరులో విద్యుత్తు నిలిచియుండుననుట మరువరాదు.

రెండు అపోహలు ఈ ప్రమాదమును పెంచుచున్నవి. ఇంటిలో భూక్షరణమును కనిపెట్టి ఆపు స్విచ్చి ఉన్నది గనుక భయము లేదనునది మొదటిది. ఆ స్విచ్చి మెయిన్సు తీగలలోని వచ్చు ప్రవాహమును, పోవు ప్రవాహమును సరిపోల్చును. గౌణ చుట్ట నుండి శరీరము గుండ పోయి గర్భమునకు మరలు ప్రవాహము మెయిన్సు తీగలలో ఆ తేడాను కలిగింపదు. మనిషి నేలకూలినను స్విచ్చి కదలదు. అధిక పౌనఃపున్య విద్యుత్తు చర్మముపైననే జారిపోవును గనుక మెరుపును తాకవచ్చుననునది రెండవది. సెకనుకు లక్ష డోలనముల వద్ద కండరములో అట్టి చొరబాటు లోతు రెండు మీటర్లకు పైబడియుండును. అనగా మనిషి మందముకంటె అనేక రెట్లు. నొప్పి తెలియకుండుటకు కారణము, అంత వేగమునకు నరములు స్పందింపలేకపోవుటయే. నొప్పి లేకున్నను లోపలి మాంసము కాలును. ప్రధాన చుట్ట వైపు 50 సైకిళ్ళ విద్యుత్తు పొంచియుండనే యున్నది.

ఇవి ఊహించి వ్రాసిన భయములు కావు. జర్మనీలో లిఖ్టెన్‌బర్గ్ 1777లో విద్యుత్తు గీయు చెట్టుకొమ్మల వంటి ఆకృతులను కనుగొనెను. ఇటీవలి కాలమున తడిపిన చెక్కపై అట్టి ఆకృతులను కాల్చుటకు ఈ ఓవెను ట్రాన్స్‌ఫార్మరునే వాడినందున, అమెరికాలో ముప్పదిమందికి పైగా మరణించిరి. అచ్చటి లేతు చెక్కపనివారి సంఘము తన కార్యక్రమములలో ఆ పనిని నిషేధించినది. మరణించినవారిలో చేతిపని బాగుగా ఎరిగినవారును కలరు. నేర్పు ఒక్కటియే ఇచ్చట రక్ష కాదు.

అట్లయినచో పాఠశాలలో టెస్లా చుట్టను వదలుకొనవలెనా? అక్కరలేదు. పైన చెప్పిన 0.01 మైక్రోఫారడు కండెన్సరును, 100 మైక్రోహెన్రీల చుట్టను తీసికొనుడు. దాని స్వాభావిక పౌనఃపున్యము సెకనుకు సుమారు 1,59,000. ఇరవై వేల వోల్టులు పెట్టినను అంతే. పది వోల్టులు పెట్టినను అంతే. అనునాదము వోల్టేజిని అడుగదు. భౌతికశాస్త్రశాలలోని సిగ్నల్ జనరేటరుతో పది వోల్టులిచ్చి, ప్రక్కన గౌణ చుట్టనుంచి, పౌనఃపున్యమును కొంచెము కొంచెముగా మార్చుచు ఆసిలోస్కోపుపై కొలతలు తీసినచో, ఒక్కచోట అల హఠాత్తుగా ఎత్తునకు లేచును. పైకొన దగ్గరకు ఒక లోహపు గిన్నెను తెచ్చినచో ఆ చోటు జరుగును. విద్యార్థి ఆ మార్పును గ్రాఫు కాగితముపై గీసి, లెక్కతో సరిచూడగలడు. గోటితో పోవుదానికి గొడ్డలి యెందుకు?

మెరుపు చూచిన బాలుడు చప్పట్లు కొట్టును. అల యెందుకు లేచెనో కనుగొన్న బాలుడు మరునాడు మరియొక ప్రశ్నతో వచ్చును. పాత ఓవెను ట్రాన్స్‌ఫార్మరు మొదటి ఫలమునైనను సరిగా ఈయజాలదు. దానికి అడుగు వెల మాత్రము అపారము. ప్రదర్శనమునకు వచ్చిన నమూనాలను పరీక్షించు ఉపాధ్యాయులు మెరుపు పొడవును కొలుచుట మాని, విద్యార్థి గీసిన గ్రాఫును అడిగినచో, ఈ ట్రాన్స్‌ఫార్మరు పాఠశాల గుమ్మము దాటి లోనికి రావలసిన అవసరమే కలుగదు.