కనబడని మూలకూ మెరుగు

ఖరీదైన చేతి గడియారం అనగానే చాలామందికి బంగారం, వజ్రాలు గుర్తొస్తాయి. వాచీలు సేకరించేవాళ్ల చూపు అక్కడ ఆగదు. వాళ్లు వాచీని బోర్లా తిప్పి, కంటికి భూతద్దం ఆనించి, లోపలి యంత్రంలో రెండు అంచులు లోపలివైపుకి కలిసే మూల కోసం వెతుకుతారు. ఆ మూల పదునుగా తేలిందా, గుండ్రంగా మిగిలిందా? వాచీ తయారుచేసినవాళ్ల పనితనం అక్కడే బయటపడుతుంది.

గిర్రున తిరుగుతూ కోసే యంత్రపు పనిముట్టు ఎంత సన్నగా ఉన్నా గుండ్రనిదే. అది తిరిగిన లోపలి మూల కూడా గుండ్రంగానే ఉంటుంది. అక్కడ పదునైన కోణం రావాలంటే మనిషి ఆకురాయి పట్టాల్సిందే. గేర్లను పట్టి ఉంచే లోహపు పలకల అంచుల్ని 45 డిగ్రీల వాలుకు అరగదీస్తారు. ఆకురాయి గీతలు మాసిపోయేదాకా సన్నరాళ్లతో రుద్దుతారు. స్విట్జర్లాండ్‌లోని జూరా కొండల్లో జెన్షియన్ అనే మొక్క పెరుగుతుంది. దాని ఎండుకాడను చెక్కి, వజ్రపు పొడి కలిపిన ముద్ద అద్ది, దానితో ఆఖరి మెరుపు తెస్తారు. ఈ పనిని ఆంగ్లాజ్ అంటారు.

ఉక్కు ముక్కలకు వేరే పరీక్ష ఉంది. స్క్రూ తలలాంటి చిన్న భాగాన్ని తగరపు పలక మీద వజ్రపు ముద్ద వేసి, చేత్తో, ఏ పక్కా ఎక్కువ ఒత్తిడి పడకుండా రుద్దుతారు. పైభాగం పూర్తిగా చదునైతే దానిమీద పడిన వెలుతురంతా ఒకే దిక్కుకు మళ్లుతుంది. అందుకే వాచీని ఒక పక్కకు వంచితే ఆ ముక్క తళుక్కుమంటుంది, కాస్త తిప్పితే నిగనిగలాడే నలుపుగా మారుతుంది. దీన్ని నల్లమెరుగు అంటారు. మధ్యలో ఒక్క దుమ్ము రేణువు చేరినా గీత పడుతుంది, పని మళ్లీ మొదటికి వస్తుంది.

డయల్ మీది పని అందం కోసమే కాదు. 18వ శతాబ్దం చివర్లో పారిస్‌లో అబ్రహాం లూయీ బ్రెగె డయళ్ల మీద గిలోషే అనే సన్నని గీతల నగిషీ ప్రవేశపెట్టాడు. పనివాడు లేతు పిడిని ఒక చేత్తో తిప్పుతూ, రెండో చేత్తో ఉలి మీద ఒత్తిడిని అదుపులో ఉంచుతూ ఈ గీతలు గీస్తాడు. ఇవి లోహపు తళతళను తగ్గిస్తాయి కాబట్టి ముళ్లు స్పష్టంగా కనబడతాయి. ఎనామిల్ డయల్‌ది మరో కష్టం. గాజుపొడిని పొరలు పొరలుగా వేసి, ప్రతి పొరనూ సుమారు 800 డిగ్రీల కొలిమిలో కాలుస్తారు. పలక వంకర పోకుండా వెనకవైపూ ఎనామిల్ వేస్తారు. ఆఖరి కాల్పులో పగిలినా అంతకుముందు చేసిందంతా వృథాయే. నిలిచిన డయల్ మాత్రం తరాలు మారినా రంగు మారదు.

ఈ విద్యకు పుట్టినిళ్లలో ఒకటి స్విట్జర్లాండ్‌లోని వాలే ద జూ లోయ. మంచు కమ్మిన నెలల్లో పొలం పని లేని రైతులు ఇళ్లలోనే వాచీ భాగాలు చేసేవారు. 1875లో ఒడెమార్ పిగే సంస్థ ఇక్కడి లె బ్రాసూ ఊళ్లోనే మొదలైంది. 1969 డిసెంబరు 25న జపాన్‌లో సీకో సంస్థ క్వార్ట్జ్ చేతి వాచీని అమ్మకానికి పెట్టింది. బ్యాటరీతో నడిచే ఆ వాచీ సమయం చెప్పడంలో స్ప్రింగు వాచీని ఓడించింది. 1970 ప్రాంతంలో స్విస్ వాచీ పరిశ్రమలో సుమారు 90 వేల మంది పనిచేసేవారు. 1980ల నడుమకు ఆ సంఖ్య 30 వేల దరిదాపులకు పడిపోయింది.

సమయం కోసం ఎవరికీ అక్కర్లేకుండా పోయాక స్ప్రింగు వాచీకి మిగిలింది పనితనమొక్కటే. దాన్నే నమ్ముకుని నిలబడినవాళ్లలో ఆ లోయవాసి ఫిలిప్ దుఫూర్ ముఖ్యుడు. 2000లో ఆయన తెచ్చిన సింప్లిసిటీ వాచీలో గంటలు, నిమిషాలు, సెకన్లు తప్ప మరేమీ ఉండవు. వెనక్కి తిప్పితే మాత్రం ఏ అంచూ, ఏ మూలా చేతిమెరుగు పడకుండా మిగిలిపోలేదు. సేకరించేవాళ్లు ఇప్పటికీ కొత్త వాచీలను దానితోనే పోల్చి చూస్తారు.

అభిరుచి బంగారాన్ని దాటింది కూడా ఇలాగే. 1972లో జెరాల్డ్ జెంటా రూపకల్పన చేసిన రాయల్ ఓక్ స్టీలు వాచీయే. అయినా ఆనాటి చాలా బంగారు వాచీల కన్నా దాని ధర ఎక్కువ. ముఖం మీద ఎనిమిది స్క్రూలను దాచకుండా చూపించాడు. గట్టి స్టీలు మీద ఒక తలం గరుకుగా, పక్క తలం అద్దంలా తేలాలి, రెంటి మధ్య గీత చెదరకూడదు. ధర ఆ శ్రమది. 2016లో జెనీవా వేలంలో పటెక్ ఫిలిప్ 1518 రకం వాచీ ఒకటి కోటీ 10 లక్షల ఫ్రాంకులు దాటింది. అదీ స్టీలుదే. ఆ రకంలో స్టీలువి నాలుగు మాత్రమే వెలుగులోకి వచ్చాయి.

పాత వాచీల విషయంలో ఈ అభిరుచి ఇంకా కచ్చితంగా ఉంటుంది. కేసుకు పాలిష్ పట్టిస్తే అంచుల పదును పోతుంది, విలువా పోతుంది. ఎండకు గోధుమరంగు తేలిన నల్ల డయల్‌ను మాత్రం వెతికి మరీ కొంటారు. తయారైనప్పటి పని చెదరకుండా ఉండాలన్నదే వాళ్ల పట్టుదల.

ఇది మన ఇళ్లకూ వర్తిస్తుంది. సిటిజన్ సహకారంతో 1961లో బెంగళూరులో వాచీల తయారీ మొదలుపెట్టిన హెచ్‌ఎంటీ, జనతా వంటి కీ ఇచ్చే వాచీలతో సామాన్యుడి ముంజేతికి చేరింది. ఇప్పుడు ఆ పాత వాచీలకు రంగురంగుల కొత్త డయళ్లు వేసి అమ్మేస్తున్నారు. బీరువాలో నాన్నగారి వాచీ ఉంటే యంత్రాన్ని శుభ్రం చేయించి నూనె వేయించండి, డయల్ జోలికి మాత్రం పోనివ్వకండి.

2020లో యునెస్కో స్విట్జర్లాండ్, ఫ్రాన్స్‌ల వాచీ తయారీ విద్యను మానవాళి వారసత్వాల జాబితాలో చేర్చింది. ఆ గుర్తింపు ఒక్కటే ఈ విద్యను బతికించలేదు. మంచి పనికీ, పైపై మెరుపుకీ తేడా పట్టగలిగే కొనుగోలుదారు ఉన్నంతకాలమే పనివాడు ఆకురాయి పట్టుకుని గంటలకొద్దీ కూర్చోగలుగుతాడు. అందుకే చూడడం నేర్చుకోవడం కూడా ఈ విద్యలో భాగమే.