పిలిస్తేనే వచ్చే బళ్లు

ఆస్టిన్ నుంచి డాలస్ వెళ్లే ఐ-35 రోడ్డు మీద మనవాళ్లు ఎప్పుడూ తిరుగుతూనే ఉంటారు. ఆ దారికి కాస్త పడమరగా కిలీన్ అనే ఊరుంది. పక్కనే ఫోర్ట్ హుడ్ సైనిక స్థావరం, దానికి దగ్గర్లో మాజీ సైనికుల కోసం టెక్సస్ రాష్ట్రం నడిపే శ్మశానం. 2019 జనవరిలో అక్కడ వైమానిక దళంలో పనిచేసిన ఒకాయనను పూడ్చాల్సి వచ్చింది. అయినవాళ్లెవరైనా వస్తారో రారో తెలియదని శ్మశానం వాళ్లు ప్రకటించారు. ఆ మాట నోటా నోటా పాకింది. ఆయన ముఖం ఎన్నడూ చూడని వందల మంది వచ్చి నిలబడ్డారు. అందులో మోటార్‌సైకిళ్ల మీద వచ్చినవాళ్లూ ఉన్నారు. అమెరికాలో అది వాళ్లకు అలవాటైన పని.

ఆ అలవాటు మొదలైంది మాత్రం ఒక గొడవలోంచి. ఇరాక్ యుద్ధం జరుగుతున్న రోజుల్లో కాన్సస్ రాష్ట్రం టొపీకాలోని వెస్ట్‌బరో బాప్టిస్ట్ చర్చి వాళ్లు సైనికుల అంత్యక్రియల దగ్గరకు ప్లకార్డులతో వెళ్లేవారు. పాస్టర్ ఫ్రెడ్ ఫెల్ప్స్, ఆయన వెంట ఎక్కువగా ఆయన కుటుంబం వాళ్లే. స్వలింగ సంపర్కులను సహిస్తున్నందుకు దేవుడు అమెరికాను శిక్షిస్తున్నాడనీ, సైనికుల చావులు ఆ శిక్షేననీ వాళ్ల వాదన. కొడుకును పోగొట్టుకున్న తల్లి కారు దిగేసరికి కళ్లెదుట ఆ రాతలు! 2005లో అదే రాష్ట్రంలోని మల్వేన్ అనే చిన్న ఊళ్లో మాజీ సైనికుల సంఘమైన అమెరికన్ లీజియన్‌లోని మోటార్‌సైకిల్ బృందం, ‘లీజియన్ రైడర్స్’ శాఖ వాళ్లు దీనికొక విరుగుడు కనిపెట్టారు. పెద్ద జెండాలు పట్టుకుని ఆ తల్లికీ ప్లకార్డులకీ మధ్య వరసగా నిలబడటం. అటువైపు వీపు, ఇటువైపు ముఖం. నినాదాలు మరీ మితిమీరితే ఇంజన్లు రేజ్ చేయడం. తిరిగి తిట్టకూడదు, చెయ్యి ఎత్తకూడదు. ఆ ఏడాది తిరగకముందే పేట్రియట్ గార్డ్ రైడర్స్ పేరుతో ఇది దేశమంతా అల్లుకుపోయింది.

కోర్టు చేయలేని పని ఇది. 2006లో మేరీలాండ్‌లో ఒక మెరీన్ సైనికుడి అంత్యక్రియల దగ్గర చర్చి వాళ్లు ఇలాగే ప్లకార్డులు పట్టుకుంటే, తండ్రి దావా వేశాడు. 2011 మార్చిలో సుప్రీంకోర్టు ఎనిమిది మంది ఒకవైపు, ఒక్కరు మరోవైపుగా చర్చి పక్షానే తీర్పిచ్చింది. ఎంత వెగటు మాటైనా, నలుగురికీ సంబంధించిన విషయం మీద బహిరంగ స్థలంలో మాట్లాడే హక్కుంటుంది అంది. జస్టిస్ అలీటో ఒక్కరే కాదన్నారు. జాతీయ శ్మశానాల దగ్గర నిరసనలకు దూరాలూ గంటలూ నిర్ణయిస్తూ చట్టాలు వచ్చాయి గానీ, వాటికీ హద్దులున్నాయి. జెండా గుడ్డ ఎవరి నోరూ మూయలేదు, తల్లి కంటికి అడ్డం నిలిచింది, అంతే. ఎవరి హక్కునూ తాకని ఈ ఉపాయం నాకైతే తీర్పుకంటే తెలివైనదిగా కనిపిస్తుంది.

పని పద్ధతి దగ్గరకొస్తే, మొదటి నియమమే అన్నిటికన్నా గట్టిది. కుటుంబం పిలవకపోతే రారు. ఇంటివాళ్లో, వాళ్ల తరఫున లేదా వాళ్లు లేనప్పుడు అంత్యక్రియలు జరిపే సంస్థో కబురు పెట్టాలి. అప్పుడు రైడ్ కెప్టెన్ ఒకరు దారి, వేళ, ఎవరు ఎక్కడ నిలబడాలన్నది మాట్లాడి ఖాయం చేస్తారు. ఒక్కో అంత్యక్రియనూ ‘మిషన్’ అంటారు. అందరూ ముందే ఒక పార్కింగ్ స్థలంలో కలుస్తారు. జెండాలు పంచుతారు, జాగ్రత్తలు చెబుతారు. ఎండలో చాలాసేపు నిటారుగా నిలబడాలి కాబట్టి మోకాళ్లు బిగబట్టవద్దని ప్రత్యేకంగా గుర్తు చేస్తారు. బిగబడితే రక్తం కాళ్లలోనే నిలిచిపోయి మనిషి దబ్బున పడిపోతాడు.

తర్వాత ఊరేగింపు. గోల్డ్ వింగ్, ఎలక్ట్రా గ్లైడ్ లాంటి బళ్లు మూడున్నర క్వింటాళ్లకు పైమాటే. హైవే మీద అవి తేలిపోతాయి. శవపేటిక కారు ముందు మనిషి నడకకు కాస్త ఎక్కువగా కదలాల్సి వచ్చినప్పుడే అసలు పరీక్ష. క్లచ్ సగం వదిలి, వెనక బ్రేకు మీద కాలు ఆనించి, బండి ఒరగకుండా నడపాలి. గాలితో చల్లబడే ఇంజన్లయితే ఆ వేగానికి కాళ్ల మధ్యే పొయ్యి. రెండు వరసలుగా వెళ్తారు గానీ పక్కపక్కన కాదు, అటొకటి ఇటొకటిగా. ఏటవాలుగా ముందున్న బండికి ఒక సెకను, తన వరసలోనే ముందున్న దానికి రెండు సెకన్లు ఎడం. వెనక కట్టిన జెండా పక్కగాలికి బండిని లాగేస్తుంది. అందుకే కొత్తవాళ్లకు జెండా లేకుండా నడపడమే మంచిదంటారు. చివర్న ఒక అనుభవజ్ఞుడు, వెనకపడినవాళ్లను చూసుకోవడానికి. కూడళ్ల దగ్గర ట్రాఫిక్ ఆపేది పోలీసులే.

శ్మశానంలో వీళ్ల పాత్ర తగ్గిపోతుంది. ఇంజన్లు ఆపేసి దూరంగా వరస కడతారు. మిగతాది సైన్యం పని. 2000 నుంచి చట్టం ప్రకారం, అడిగిన, అర్హత ఉన్న ప్రతి మాజీ సైనికుడి కుటుంబానికీ కనీసం ఇద్దరు యూనిఫాం సిబ్బంది రావాలి. జెండాను పదమూడు మడతలు పెట్టి, నక్షత్రాలు పైకి కనిపించేలా త్రికోణంగా చేసి ఇవ్వాలి. ‘ట్యాప్స్’ వినిపించాలి. అంతర్యుద్ధ కాలంలో, 1862లో, రూపు దిద్దుకున్న ఇరవై నాలుగు స్వరాల బాణీ అది. వాయించేవాళ్లు చాలక, లోపల చిన్న యంత్రం అమర్చిన బూర చాలాచోట్ల వాడుతున్నారు. సైనికుడు మీట నొక్కి పెదాలకు ఆనిస్తే పాట దానంతటదే వస్తుంది. అది తెలిశాక నాకు కొంచెం మనసు చివుక్కుమంది.

పోయేటప్పుడు నలుగురు ఉండాలని మనం అంటాం. ఊరూ వీధీ ఉన్నచోట ఆ నలుగురూ ఎలాగో దొరుకుతారు. వయసులో ఉన్న మనిషి యుద్ధంలో పోతే ఎక్కడైనా జనం వస్తారు. 2020లో గల్వాన్‌లో అమరుడైన కర్నల్ సంతోష్ బాబు కోసం సూర్యాపేట రోడ్లకు రెండు వైపులా నిలబడి పూలు చల్లింది. ఎనభై అయిదేళ్లకు ముసలివాళ్ల ఆశ్రమంలో పోయిన మనిషి మాటేమిటి? భార్య ముందే పోయింది, పిల్లలు లేరు, లేదా ఉన్నా రారు. మిస్సింగ్ ఇన్ అమెరికా ప్రాజెక్ట్ అనే సంస్థ 2007 నుంచి శవాగారాల బీరువాల్లో ఎవరూ అడగకుండా ఏళ్ల తరబడి పడి ఉన్న మాజీ సైనికుల అస్థికలు వెతికి, రికార్డులు సరిచూసి, జాతీయ శ్మశానాలకు చేరుస్తోంది. ఆ పెట్టెల వెంట నడిచేది చాలాసార్లు ఈ బళ్లే. త్రికోణపు జెండా అందుకోవడానికి బంధువు లేకపోతే, వచ్చినవాళ్లలో ఒకరు ముందుకొచ్చి చేతులు చాస్తారు. ప్లకార్డులవాళ్ల పేరు ఇప్పుడు పెద్దగా వినిపించకపోయినా ఈ పని ఆగకపోవడానికి కారణం ఇదే. గొడవ కోసం పుట్టినది గొడవను దాటి బతకడం అరుదు.

రైడర్లలో వియత్నాం తరం వాళ్లు చాలామంది. యుద్ధం నుంచి తిరిగొచ్చినప్పుడు తమను ఊరు పట్టించుకోలేదన్న బాధ వాళ్లలో చాలామందికి ఇంకా ఉంది. అందుకే చేరామని అడిగితే చెబుతారు. కాకపోతే వాళ్లిప్పుడు డెబ్బైలు దాటారు. మోకాళ్లు అరిగి కొందరు మూడు చక్రాల బళ్లకు మారారు, కొందరు కార్లలో వచ్చి జెండా పట్టుకుంటున్నారు. మోటార్‌సైకిల్ ఉండాలనీ, సైన్యంలో చేసి ఉండాలనీ నియమం మొదటినుంచీ లేదు. పిలుపు వచ్చినప్పుడు వేళకు అక్కడుంటే చాలు. అయితే ఇప్పుడొచ్చే పిలుపుల్లో చాలా వరకు వాళ్ల వయసు వాళ్లవే.