సత్ప్రసాదమున వధూవర భావము

తెలుగు కథోలిక క్రైస్తవులు తమ మతకర్మలలో ప్రధానమైనదానికి దివ్యసత్ప్రసాదమని పేరు పెట్టుకొన్నారు. పేరు చక్కనిది, తెలుగువాని చెవికి పరాయిది కాదు. దేవునికి నివేదించిన పదార్థము తిరిగి భక్తుని చేతికి వచ్చినపుడు ప్రసాదమగునని ఎవరికిని చెప్పవలసిన పని లేదు. అయినను ఈ పేరు ఆ కర్మలోని ముఖ్యాంశము నొకదానిని మరుగుపరచుచున్నది. ప్రసాదమున నివేదించువాడు వేరు, నివేదితమైన వస్తువు వేరు, దానిని గైకొని అనుగ్రహించు దైవము వేరు. సత్ప్రసాదమున అర్పించువాడు క్రీస్తు, అర్పితమగునది క్రీస్తు, భక్తుల నోటికి అందునదియు క్రీస్తే యని కథోలిక సిద్ధాంతము. రొట్టె, ద్రాక్షారసముల రూప రస గంధములు నిలిచియుండగా వాని అంతస్సత్త్వము మాత్రము క్రీస్తు శరీర రక్తములుగా మారునని 1551లో ట్రెంటు మహాసభ నిర్ధారించినది.

తన్ను తానే ఆహారముగా నిచ్చు దైవమునకును, ఆ ఆహారమును గైకొను జనమునకును గల సంబంధ మెట్టిది? రాజునకును ప్రజకును గలదా? తండ్రికిని బిడ్డకును గలదా? ఈ రెండు ఉపమానములును ఆ మత గ్రంథములందు కలవు. కాని ప్రాచీనకాలమునుండియు వ్యాఖ్యాతలలో ఒక వర్గమువారు దీనిని వధూవర సంబంధముగా చెప్పుచు వచ్చినారు. ఆ భావము ఏ ఆధారముపై నిలిచినది, ఎక్కడ బలహీనపడినది యనునదే ఇచటి విచారణము.

మూలము కవికల్పన కాదు. దేవుడు ఇశ్రాయేలు ప్రజతో చేసికొన్న నిబంధనమును హోషేయ ప్రవక్త వివాహముగా వర్ణించినాడు. ప్రజ అన్యదైవముల వెంట పోవుటను భార్య ఇల్లు విడిచి పోవుటగా చూచినాడు. చెడిన ఆ నిబంధనము స్థానమున కొత్తది రానున్నదని యిర్మీయా చెప్పినాడు. యేసు తన కడపటి రాత్రి భోజనమున ద్రాక్షారస పాత్రను చేతబట్టి దానిని తన రక్తమందలి కొత్త నిబంధనముగా పేర్కొన్నట్లు లూకాయు పౌలును వ్రాసినారు. ప్రవక్తలు నిబంధనమును వివాహముగా చూచినారు గనుక ఆ పాత్రను పెండ్లి పాత్రగా గ్రహించుట తర్కమునకు నిలుచు మాటయే.

పౌలు పేర నున్న ఎఫెసీయుల లేఖ అయిదవ అధ్యాయము ఇంకొక మెట్టు పైకి పోయినది. భర్తలు భార్యలను ప్రేమింపవలెనని బోధించుచు, క్రీస్తు సంఘముకొరకు తన్ను అర్పించుకొన్నాడని చెప్పి, స్త్రీపురుషులు ఏకశరీరమగుదురను ఆదికాండము మాటను క్రీస్తునకును సంఘమునకును అన్వయించినది. ఆ ఘట్టము నడుమ చదువరులు సాధారణముగా దాటిపోవు మాట యొకటి కలదు. ఎవడును తన శరీరమును ద్వేషింపక పోషించుకొనునట్లు క్రీస్తు సంఘమును పోషించునని అందలి భావము. వివాహ ప్రసంగమున పోషణము మాట యేల? తెలుగు చదువరికి ఇది కష్టమైన ప్రశ్న కాదు. భర్త యను శబ్దమే భరించువాడు, పోషించువాడు అను అర్థమున పుట్టినది. పెండ్లియు అన్నమును ఒక్క మాటలో ఇమిడియున్న భాష మనది.

తొలి శతాబ్దముల బోధకులు ఈ రెంటిని విడదీయలేదు. ఆదాము ప్రక్కనుండి హవ్వ పుట్టినట్లు, సిలువపై క్రీస్తు ప్రక్కనుండి వెలువడిన నీటినుండియు రక్తమునుండియు, అనగా జ్ఞానస్నానమునుండియు సత్ప్రసాదమునుండియు, సంఘమను వధువు పుట్టినదని యోహాను క్రిసోస్తము చెప్పినాడు. యెరూషలేము పీఠాధిపతి సిరిలు పేర వెలసిన బోధలలో, కానా ఊరి పెండ్లిలో అద్భుతము చేసినవాడు పెండ్లిమందిరపు బిడ్డలకు తన శరీర రక్తముల ననుగ్రహించుట ఆశ్చర్యము కాదని యున్నది. అయిదవ శతాబ్దివాడైన థియోడొరెట్టు మరింత సూటిగా, వరుని శరీరమును భుజించి రక్తమును పానము చేయుటయే వివాహ సంయోగమని పరమగీతమునకు వ్యాఖ్య వ్రాసినాడు.

వీరందరిలో ఆంబ్రోసు మాట ఎక్కువ పరిశీలింపదగినది. ఈయన 374 మొదలు 397 వరకు మిలాను నగరమున పీఠాధిపతి. ఆ కాలమున ఈస్టరు రాత్రి జ్ఞానస్నానము పొందినవారికి తాము పొందిన సంస్కారముల అర్థమును పూర్వమే చెప్పెడివారు కారు. ఆ తరువాతి వారమున చెప్పెడివారు. ఆ బోధలలో ఆంబ్రోసు పరమగీతమును తెరచినాడు. ప్రియుని ముద్దు గోరు కన్య మాటలను, పాపము కడిగివేయబడి బలిపీఠమునకు చేరవచ్చిన ఆత్మకు అన్వయించినాడు. ప్రియుడు తన తోటలోనికి వచ్చి మిత్రులను తినుడు, త్రాగుడని పిలుచు ఘట్టమును సత్ప్రసాద భోజనముగా వివరించినాడు. పరమగీతమున అంతవరకు ప్రధానముగా వినబడినది ఇద్దరి ప్రేమయే. అచట ఉన్నట్లుండి విందునకు మిత్రులు వచ్చినారు. ఇరువురి ఏకాంతము పలువురి పంక్తి యగుట ఆంబ్రోసునకు చిక్కు కాలేదు. ఏలయన ఆయన ఎదుట నున్నది ఏకాంత తపస్వి కాదు; అప్పుడే నీటినుండి వెడలి తెల్లబట్టలు కట్టిన స్త్రీపురుషుల గుంపు. ఆ గుంపే వధువు.

ఇచట భారతీయ చదువరికి సహజముగా ఒక శంక కలుగును. ఇట్టి ఏకత్వము సాయుజ్యమా? జీవుడు దైవమున కరగిపోవునా? దీనికి సమాధానము రెండు ఉపమానముల కూడికలోనే యున్నది. మనము తిన్న అన్నము మనలో కలిసి తన రూపమును కోల్పోవును. ఈ ఆహారము విషయమున వ్యవహారము తలక్రిందులగునని అగస్తీను తన ఆత్మకథ ఏడవ భాగమున సూచించినాడు: ఆహారము భోక్తగా మారదు, భోక్తయే ఆహారముగా మారును. ఇంతటితో ఆగినచో జీవుడు మిగులడు. వివాహోపమానము ఈ ప్రమాదమును వారించినది. దంపతులు ఒక్క శరీరమైనను ఇద్దరుగానే మిగులుదురు. ఆహారోపమానము లేనిచో వివాహము కేవలము భావబంధముగా పలుచబడును. వివాహోపమానము లేనిచో ఆహారము భోక్తను మింగివేయును. విశిష్టాద్వైతమెరిగినవారికి ఇందొక పోలిక తోచవచ్చును గాని, అచట శరీర శరీరి సంబంధము అనాది సిద్ధము; ఇచట ఒక చారిత్రక పురుషుడు ఒక నాటి రాత్రి ఇచ్చిన దానము.

మధ్యయుగమున ఈ సమతూకము చెడినది. అందుకు కారణము సిద్ధాంతము కాదు, ఆచారము. భక్తిభయములు మితిమీరి జనులు సత్ప్రసాదమును స్వీకరించుటయే అరుదైనది. సంవత్సరమున కొక్కసారి, ఈస్టరు కాలమందైనను స్వీకరింపవలెనని 1215లో నాలుగవ లాటరన్ మహాసభ శాసింపవలసి వచ్చినదనిన స్థితి ఊహింపవచ్చును. ఆకలి గలచోట అన్నమును గూర్చిన పాట పుట్టును. అదే శతాబ్దమున లియేజ్ నగరపు జూలియానా సత్ప్రసాదమునకు ప్రత్యేకోత్సవము కావలెనని పోరినది. 1264లో పోపు నాలుగవ అర్బను ఆ పండుగను క్రైస్తవలోకమంతటికి విధించినాడు. బ్రబాంట్ దేశపు కవయిత్రి హాడెవిచ్ పెంతెకోస్తు నాటి వేకువ తనకు కలిగిన దర్శనమును వ్రాసినది. అందు క్రీస్తు తొలుత సత్ప్రసాద రూపమునను, పిమ్మట మానవాకృతితోను వచ్చి ఆమెను కౌగిట చేర్చుకొన్నాడు. మన అలంకారికుల పరిభాషలో ఈమె విరహోత్కంఠిత. అన్నమాచార్యుల శృంగార సంకీర్తనములు వినుచు పెరిగినవారికి ఆ ఆర్తి క్రొత్త కాదు, అసభ్యముగానూ తోచదు. ఈ వాఙ్మయమును ఇంద్రియ వికారమని త్రోసిపుచ్చిన పాశ్చాత్య విమర్శకులకు శృంగారమును భక్తిగా చదువు అలవాటు లేకపోయినది.

అయినను హాడెవిచ్ దర్శనమున ఒక లోపము కలదు. ఆమె ప్రక్కన మరెవ్వరును లేరు. ఆంబ్రోసు చూచిన గుంపు మాయమైనది. ఆమెకు ముందు శతాబ్దమున క్లేర్వో మఠాధిపతి బెర్నార్డు ఈ ప్రమాదమును గుర్తించియే యుండెను. ఆయన పరమగీతముపై 86 ప్రసంగములు చేసి, మూడవ అధ్యాయపు మొదటికి చేరునప్పటికి 1153లో మరణించినాడు. తమలో ఎవడును తన ఆత్మను వధువని చెప్పుకొన సాహసింపరాదనియు, వధువు సంఘమే యనియు, ఆ సంఘమున అంగములగుటచేతనే ఆ పేరున తమకు పాలు గలదనియు ఆయన పండ్రెండవ ప్రసంగమున అభిప్రాయపడినాడు. ఇంత స్పష్టముగా చెప్పినవాడు సత్ప్రసాదమును మాత్రము ఆ ప్రసంగములకు కేంద్రము చేయలేదు. ఆయనకు సంఘము దొరకినది, పంక్తి దొరకలేదు.

స్పెయిను కవి సిలువ యోహాను విషయము మరింత విచిత్రము. తన మఠసభలోనివారే 1577 డిసెంబరున పట్టి, టోలెడో నగరమున ఇరుకు గదిలో బంధించినారు. 1578 ఆగస్టున తప్పించుకొని పోయినాడు. ఆ తొమ్మిది నెలలును పూజ చేయుటకు ఆయనకు అనుమతి లేదు. వధూవర గీతమున చాల చరణములు ఆ చెరలోనే పుట్టినవి. అందు రాత్రి భోజనపు ప్రస్తావన కలదు గాని, తరువాత స్వయముగా వ్రాసిన వ్యాఖ్యలో ఆయన దానిని సత్ప్రసాదముగా వివరింపక ఆత్మ పొందు దివ్యానుభవముగా వివరించినాడు. సత్ప్రసాదము ఆయనకు పట్టలేదని యనుకొనవలదు. అదే చెరలో చీకటియందు పారు ఊటను గూర్చి మరియొక చిన్న కావ్యము వ్రాసి, తుదకు ఆ ఊట జీవాహారమైన రొట్టెలో దాగియున్నదని పాడినాడు. అచట ఊట సృష్టిలోని ప్రాణులనెల్ల పిలుచుచున్నది. పెండ్లి పాటలో ఇద్దరే, రొట్టె పాటలో అందరును! రెండు కావ్యములను ఒక్కటిగా చదివిననే ఆయన పూర్ణముగా అర్థమగును. ఆయనను మెచ్చుకొనువారు పెక్కురు మొదటిదానితోనే తృప్తిపడుచున్నారు.

తెలుగు చదువరి ఈ ఘట్టమున గోదాదేవిని తలచుకొనకుండ లేడు. శ్రీవిల్లిపుత్తూరు కన్య కథను కృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదగా తెలుగు చేసికొన్నాడు. ఆమె తాను ముడిచిన దండ స్వామికి ప్రీతికరమైనది. తుదకామె శ్రీరంగేశ్వరుని చేరి ఆయనయందే కలిసినది. పోలిక కనబడుచున్నది, భేదమును కనబడవలెను. గోద దండను దేవునికిచ్చినది. సత్ప్రసాదమున దేవుడే తన దేహమును ఇచ్చుచున్నాడు. గోద తిరిగి రాలేదు. సత్ప్రసాదము గైకొన్నవాడు ఇంటికి వచ్చి పొయ్యి రాజేయవలెను, పొరుగువానితో మాటలాడవలెను. ఆ ఏకత్వమునకు పరీక్ష గుడిలో కాదు, అచటనే.

అందువలన గోదకథకంటె మన పెండ్లిండ్లలోని బువ్వపు బంతి ఈ కర్మకు దగ్గరి పోలిక. వధూవరులు ఒకే పళ్ళెమున భుజించునపుడు ఇరుప్రక్కల బంధువులు అదే బంతిలో కూర్చుందురు. ఒకే పంక్తిలో కూర్చుండబెట్టి వేరువేరుగా వడ్డించుటను పంక్తిభేదమని పెద్దలు దోషముగా లెక్కించినారు. కొరింథు నగరమున సరిగా ఇదియే జరిగినది. కలవారు ముందుగా తిని త్రాగి మత్తిల్లిరి, లేనివారు ఆకలితో చూచుచుండిరి. పౌలు వారిని మందలించిన తీరు తీవ్రము: వారు తిన్నది ప్రభువు భోజనమే కాదన్నాడు. అంతకుముందే రొట్టె యొక్కటి గనుక దానిని పంచుకొన్న అనేకులు ఒక్క శరీరమని చెప్పినవాడు ఆయనయే.

ఈ దోషము కొరింథుతో ముగియలేదు. తమిళనాట తిరునెల్వేలి ప్రాంతమున వడక్కన్‌కుళమను గ్రామమున పందొమ్మిదవ శతాబ్దమున కట్టిన కథోలిక దేవాలయమున, ఒక్క బలిపీఠమునకు ఎదురుగా రెండు మండపములు వేరువేరుగా ఏర్పరచినారు. రెండు కులవర్గములవారు ఒకరి ప్రక్క నొకరు కూర్చుండకుండుటకే ఆ ఏర్పాటు. నడిమి అడ్డు తొలగినది ఇరువదవ శతాబ్దారంభమున. వరుడొక్కడు, పీఠమొక్కటి, వధువును మాత్రము గోడ కట్టి రెండుగా కోసినారు! వధూవర భావమును వ్యక్తి హృదయ మాధుర్యముగా మాత్రమే గ్రహించినచో ఈ గోడయందు తప్పు కనబడదు. గోడకు అటునిటు గల ప్రతి ఆత్మయు తన వరునితో ఏకాంతముగా సుఖముగానే యుండవచ్చును. సంఘమే వధువని గ్రహించిన క్షణమున ఆ గోడ వివాహమునే కాదనుచున్నది. వ్యాఖ్యాతల భేదము కేవలము పుస్తకములలోనిది కాదనుటకు ఇంతకంటె నిదర్శనము అక్కరలేదు.

ఇటీవలి కథోలిక శాసనములు పూర్వపు సమతూకమునకే మరలినవి. పోపు పదవ పయస్ 1905లో తరచు సత్ప్రసాద స్వీకారమును ప్రోత్సహించుటతో వెనుకటి అరుదుతనము తగ్గినది. అంతకుముందు అర్ధరాత్రినుండి ఉపవసింపవలసిన నియమము 1957లో మూడు గంటలకును, 1964లో ఒక్క గంటకును తగ్గినది. వాసకసజ్జిక వలె వేచియుండిన నాటి తహతహ కొంత సన్నగిల్లినదనుట నిజమే. ఆ నష్టమును కాదనరాదు. 1988లో రెండవ జాన్ పాల్ సత్ప్రసాదమును వధూవరుల సంస్కారమని స్పష్టముగా పేర్కొన్నాడు. 1992 నాటి కథోలిక ధర్మోపదేశ గ్రంథము జ్ఞానస్నానమును పెండ్లి స్నానముగాను, సత్ప్రసాదమును పెండ్లి విందుగాను చూపినది. 2005లో పదునారవ బెనెడిక్టు ఈ ఏకత్వము సామాజికమనియు, క్రీస్తును తన ఒక్కనికే దక్కించుకొనుట సాధ్యము కాదనియు తన తొలి విశ్వలేఖలో వివరించినాడు.

1970లో వెలువడిన లాటిను పూజాగ్రంథమున ఈ విషయమునకు సంబంధించిన చిన్న పాఠభేద మొకటి గమనింపదగియున్నది. సత్ప్రసాదము పంచుటకు ముందు గురువు, గొఱ్ఱెపిల్ల విందునకు పిలువబడినవారిని ధన్యులని ప్రకటించును. ఇది యోహాను దర్శనగ్రంథము పందొమ్మిదవ అధ్యాయమునుండి గైకొన్న మాట. మూలమున అది పెండ్లి విందు. పూజాగ్రంథమున పెండ్లి యను మాట జారిపోయి విందు మాత్రమే మిగిలినది. జనులు చెప్పు ప్రత్యుత్తరము, తన ఇంటికి క్రీస్తు వచ్చుటకు తాను తగనన్న రోమను శతాధిపతి మాటలనుండి వచ్చినది. గురువు పిలుపు బహువచనమున నున్నది. గుడినిండ నిలిచిన జనులు ఒక్క గొంతుతో చెప్పు జవాబు మాత్రము ఏకవచనమున నున్నది.