తిరిగివచ్చినవాణ్ణి గుర్తించడం: యుద్ధఖైదీ కథనంపై ఒక పరిశీలన

యుద్ధఖైదీ జీవితకథనంలో సాధారణంగా మూడు ఘట్టాలుంటాయి: పతనం, నిర్బంధం, పునరాగమనం. మొదటి రెండింటికీ దక్కే విస్తృతి మూడవదానికి దక్కదు. చాలా కథనాలు దానిని ముగింపు వాక్యంగా సరిపెడతాయి. అయితే కథనం విలువను తేల్చేది ఆ మూడవ ఘట్టమేనని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

ఇందుకు లూయీ జాంపెరినీ జీవితం మంచి ఉదాహరణ. 1936 బెర్లిన్ ఒలింపిక్స్‌లో 5,000 మీటర్లు పరుగెత్తిన ఈ అమెరికన్, రెండవ ప్రపంచయుద్ధంలో బి-24 బాంబరు విమానం నుంచి గురిచూసి బాంబులు విడిచే విధి నిర్వహించాడు. 1943 మే 27న అతనున్న విమానం పసిఫిక్ సముద్రంలో కూలింది. పదకొండుమందిలో ముగ్గురే బతికారు. వారిలో ఒకరు తెప్పపైనే మరణించారు. 47 రోజుల తరువాత మిగిలిన ఇద్దరూ మార్షల్ దీవుల వద్ద జపాన్ సైన్యానికి చిక్కి, 1945లో యుద్ధం ముగిసేదాకా బందీలుగా ఉన్నారు.

లారా హిల్లెన్‌బ్రాండ్ రచించిన జీవితచరిత్ర ‘అన్‌బ్రోకెన్’ (2010) విముక్తితో ఆగదు. ఇల్లు చేరినవాణ్ణి పీడకలలూ తాగుడూ ఎలా వెంటాడాయో చెబుతుంది. అదే గ్రంథం ఆధారంగా 2014లో వచ్చిన చలనచిత్రం మాత్రం కుటుంబ పునస్సమాగమంతో కథను ఆపి, తరువాతి జీవితాన్ని తెరపై అక్షరాలతో సూచిస్తుంది. గ్రంథంలో మనిషి మిగిలాడు. చిత్రంలో వీరుడు మిగిలాడు.

తెలుగువారికి ఈ సందర్భంలో గుర్తుకు వచ్చే పేరు ఫ్లైట్ లెఫ్టినెంట్ కంభంపాటి నచికేత. కార్గిల్ యుద్ధంలో, 1999 మే 27న, బటాలిక్ ప్రాంతంలో ఇంజను ఆగిపోయిన మిగ్-27 నుంచి బయటపడి ఆయన పాకిస్తాన్ సైనికులకు పట్టుబడ్డారు. జూన్ 3న ఆయనను అంతర్జాతీయ రెడ్‌క్రాస్ కమిటీకి అప్పగించారు. వెన్నుగాయం వల్ల యుద్ధవిమానాలకు దూరమై, తరువాత రవాణా విమానాలు నడిపారు. ఈ చివరి వాక్యమే ఒక జీవితచరిత్రకు ఆరంభం కాగలదు.

పేరులోని సామ్యంతో వీరగాథ అల్లడం సులువు. కాని కఠోపనిషత్తును శ్రద్ధగా చదివితే మరొక విషయం కనిపిస్తుంది. యముని ఇంట నచికేతుడు నిరాహారంగా గడిపిన మూడు రాత్రులను ఉపనిషత్తు వర్ణించదు. ఆత్మజ్ఞానం అతడు కోరిన మూడవ వరం. మొదటి వరంలో అతడు కోరింది తండ్రి మనశ్శాంతిని, తాను తిరిగి వెళ్ళినప్పుడు తండ్రి తనను గుర్తించి పలకరించడాన్ని. తండ్రి ఇక రాత్రులు సుఖంగా నిద్రిస్తాడని యముడు అభయమిస్తాడు. తిరిగివచ్చే కొడుకు నిద్ర గురించి అక్కడ మాట లేదు. ఉపనిషత్తు లక్ష్యం వేరు గనుక అది దాని లోపం కాదు. ఆధునిక జీవితచరిత్రకారుడు పూరించవలసిన చోటు మాత్రం అదే. హిల్లెన్‌బ్రాండ్ పూరించింది ఆ నిద్రలేని రాత్రులనే.

ఈ ప్రమాణం యుద్ధకథనాలకే పరిమితం కాదు. మల్లాపూర్, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాలు గల్ఫ్ వలసకు పెట్టింది పేరు. వలసకూలీ, యుద్ధఖైదీ ఒకటి కారు. అయినా పరాయిదేశపు జైలులో ఏళ్ళు గడిపి ఇల్లు చేరినవాని కథను విమానాశ్రయంలోని ఆలింగనంతో ముగిస్తే, అక్కడా అదే లోపం జరుగుతుంది. విడుదలైన తేదీని పత్రం నమోదు చేస్తుంది. ఇంట్లోవాళ్ళు అతణ్ణి గుర్తించగలిగారా, అతడు నిద్రపోగలిగాడా అన్నది సాహిత్యమే నమోదు చేయాలి.