నాడీకణానికి చెట్టు పోలిక ఎంతవరకు?

నాడీకణాన్ని బోధించవలసి వచ్చినప్పుడు సాధారణంగా చెట్టును ఆశ్రయిస్తారు. ఆ కణంలో సమాచారాన్ని గ్రహించే శాఖలకు పెట్టిన డెండ్రైటు అన్న పేరుకు మూలం కూడ గ్రీకు భాషలో చెట్టు అన్న మాటయే. కృష్ణా డెల్టాలో మరొక పోలిక చేతికందేటంత దగ్గరలో ఉన్నది. చల్లపల్లికి దక్షిణాన, పులిగడ్డ వద్ద, కృష్ణానది రెండు పాయలై దివిసీమను చుట్టుకొని సముద్రానికి పోతున్నది. ఈ పాయలను చూపి నాడీకణం ఇట్లాగే శాఖలు వేస్తుందని చెబితే పిల్లలకు సులభంగానే అర్థమౌతుంది. అయితే అర్థమైనది ఎంతవరకు నిజం?

ఉపమకు సమానధర్మం ముఖ్యమని ఆలంకారికులు అంటారు. ఇక్కడ చీలడం ఒక్కటే సమానధర్మం. చీలిన తరువాత కథ వేరు. మామిడికొమ్మలు ఒకదానిపై ఒకటి పడి ఒరుసుకుంటాయి. మర్రిఊడలు కలసి ఒకటౌతాయి. గట్టు తెగితే రెండు కాలువల నీరు కలసిపోతుంది. తన పాయ, పరాయి పాయ అన్న భేదం నీటికి లేదు. ఒకే నాడీకణపు శాఖలు మాత్రం పెరుగుతూ ఎదురుపడితే తాకి, వెనుదిరిగి, మరొక దారి పడతాయి. పొరుగు కణపు శాఖ ఎదురైతే అనేక సందర్భాలలో నిస్సంకోచంగా దాటిపోతాయి. పోలిక విడిచిపెట్టిన ఈ భాగమే అసలు విషయం.

వరిచేలలో అందరికీ తెలిసిన జలగ జాతిలోనే దీనిని గమనించారు. 1983 లో క్రేమర్, కువాడా అనే పరిశోధకులు జలగ పిండంలో స్పర్శను గ్రహించే నాడీకణాల పెరుగుదలను పరిశీలించి, ఒకే కణపు శాఖలు పరస్పరం తప్పుకుంటాయని వివరించారు. దాని ప్రయోజనం ఊహించడం కష్టం కాదు. శాఖలన్నీ ఒకచోట గుమిగూడితే అక్కడి వార్తే పదిసార్లు అందుతుంది, మిగిలిన చర్మం నుండి వార్తే ఉండదు. ఈ దృష్టితో చూస్తే నదికంటె ఆయకట్టు మంచి పోలిక: ఏ చేనూ ఎండకుండ, ఒకే చేనికి రెండు బోదెలు పోకుండ నీరు పంచడం. కాని ఆయకట్టుకు పటం గీసిన ఇంజనీరు ఉన్నాడు. కణానికి లేడు.

పటం లేని పని ఎట్లా సాగుతున్నది? పండ్ల ఈగలో దీనికి ఆధారం డిస్కామ్ అనే ప్రోటీను. (విద్యుత్తు పంపిణీ సంస్థలతో దీనికి సంబంధం లేదు.) ఈ కుటుంబపు మానవ జన్యువును 1998 లో 21వ క్రోమోసోముపై గుర్తించి, కణాలను అతికించే అణువుగా నామకరణం చేశారు. ఈగలో దీని జన్యువు నాలుగు చోట్ల వరుసగా 12, 48, 33, 2 రకాల ముక్కలలో ఒక్కొక్కదానిని ఎన్నుకొనగలదు. హెచ్చవేస్తే 38,016 రూపాలు. ఈ లెక్క 2000 లో వెలువడింది. ఒక్కొక్క కణానికి యాదృచ్ఛికంగా కొద్ది రూపాలు మాత్రమే దక్కుతాయి. ఒకే కణపు రెండు శాఖలు తాకినప్పుడు ఒకే రూపాలు ఎదురుపడి గట్టిగా పట్టుకుంటాయి. ఆ పట్టే వికర్షణకు సంకేతం. అతికించేదని పేరు పొందినది ఇక్కడ విడదీస్తున్నది!

కణం తనను తాను ఎరుగును అని రాయడం పరిపాటి అయింది. వినడానికి ఇంపుగానే ఉన్నది, కాని ఎరుక ఇందులో ఎక్కడ ఉన్నది? 2007 లో వెలువడిన ప్రయోగాలు చూడండి. డిస్కామ్ తొలగిస్తే సొంత శాఖలు దాటుకున్నాయి. సాధారణంగా కలసి పరచుకొనే వేర్వేరు కణాలకు ఒకే రూపాన్ని ఇస్తే అవి పరాయివైనా పరస్పరం తొలగిపోయాయి. కణం పోల్చినది తనను కాదు, రూపాన్ని. పొరుగువారికి అదే రూపం దక్కే అవకాశం తగ్గడానికే అన్ని వేల రూపాలు. కొద్దిపాటి రూపాలు చాలవని, వేలసంఖ్యలో కావాలని 2009 లో తేలింది. ఎలుకలో ఇటువంటి పని ప్రోటోకాడ్హెరిన్లనే మరొక కుటుంబానిది. అందులో 22 గామా జన్యువులను తొలగించినప్పుడు నేత్రపటలంలోని నక్షత్రాకార కణాల శాఖలు చిక్కుపడినట్లు 2012 లో ప్రకటించారు.

పుస్తకాలలోని బల్లపరుపు బొమ్మపై కూడ ఒక ఆక్షేపణ ఉన్నది. పులిగడ్డ దగ్గర దివిసీమకు పోయే కాలువ అక్విడక్టు మీదుగా నదీపాయను దాటుతుంది. పటంలో రెండు గీతలు ఖండించుకుంటాయి. నీరు నీటిని తాకదు. ఈగ డింభకంలో శాఖలను చర్మం అడుగున ఒకే తలంలో పట్టి ఉంచేవి ఇంటిగ్రిన్లనే ప్రోటీనులు. అవి లోపిస్తే కొన్ని శాఖలు చర్మకణాలలోకి దిగి, తాకకుండానే సొంత శాఖలను దాటిపోతున్నవని 2012 లో కనుగొన్నారు. డిస్కామ్ చెడలేదు. తాకిడి లేనందున దానికి పని లేకపోయింది. కాబట్టి సూక్ష్మదర్శిని చిత్రంలో రెండు శాఖలు ఖండించుకున్నట్లు కనబడితే, అవి ఎంత లోతున ఉన్నవో ముందు అడగాలి.