గోల్‌పోస్టుల మధ్య నుంచి చూసిన కన్ను

గోల్‌కీపరుగా పీటర్ టేలర్ అంత గొప్పవాడేం కాదు. కానీ ఆ చోటుకో సౌలభ్యం ఉంది: మైదానమంతా కళ్లెదుటే పరుచుకుని ఉంటుంది, తొంభై నిమిషాల్లో ముప్పాతిక భాగం చూస్తూ నిలబడటమే పని. కొవెంట్రీలోనూ, 1955 నుంచి మిడిల్స్‌బరోలోనూ టేలర్ నేర్చుకున్నది ఆ చూపునే. రిజర్వ్ జట్టులో మగ్గుతున్న బ్రయన్ క్లఫ్ అనే కుర్రాడి సత్తాను అక్కడ మొదట పసిగట్టింది అతనే. ఆ కుర్రాడు తర్వాత ఆ క్లబ్బుకి 222 మ్యాచుల్లో 204 గోల్స్ కొట్టాడు.

1965లో క్లఫ్ హార్టిల్‌పూల్స్ మేనేజరయ్యాడు. టేలర్ అప్పటికే బర్టన్ ఆల్బియన్‌కి మేనేజరు. ఆ కుర్చీ వదిలి, తక్కువ జీతానికి క్లఫ్ పక్కన చేరాడు. అసిస్టెంటుని పెట్టుకునే స్తోమత లేని క్లబ్బు కనుక పేరుకి ట్రైనరు. దెబ్బ తగిలినవాడి దగ్గరికి బకెట్టూ స్పాంజీ పట్టుకుని పరుగెత్తడం కూడా అతని వంతే.

పశువుల సంతలో అనుభవమున్న రైతు ఎద్దు ఒంటి నిగారింపు చూసి బేరమాడడు. నడిపిస్తాడు, పళ్లు చూస్తాడు, సుడులు వెతుకుతాడు. టేలర్ పద్ధతీ అదే. 1977లో, అప్పటికి ఇద్దరూ కలిసి నడుపుతున్న నాటింగ్‌హామ్ ఫారెస్ట్ కోసం కెనీ బర్న్స్‌ని కొనే ముందు అతని ఆట ఒక్కటే చూసి ఊరుకోలేదు. జూదగాడని పేరుంది కదా, నిజమెంతో తేల్చుకుందామని కుక్కల పందేల దగ్గరికి మారువేషంలో వెళ్లి కాపు కాశాడు. పుకారులో ఉన్నంత చెడు మనిషిలో లేదని నమ్మకం కుదిరాకే సరే అన్నాడు. అసలు నేర్పు ఆ తర్వాత ఉంది. బర్మింగ్‌హామ్‌లో గోల్స్ కొడుతున్న ఆ స్ట్రైకర్ని తెచ్చి డిఫెన్స్ నడిమధ్య నిలబెట్టారు. ఆ సీజన్లో ఫారెస్ట్ 42 లీగ్ మ్యాచుల్లో ఇచ్చుకున్న గోల్స్ 24. లీగ్ టైటిల్ వాళ్లదే. ఫుట్‌బాల్ రచయితల సంఘం ఇచ్చే ఉత్తమ ఆటగాడి పురస్కారం బర్న్స్‌ది.

ఫారెస్ట్ తెచ్చుకున్న మరొకడు, గ్యారీ బర్టిల్స్, ధర 2,000 పౌండ్లు. కార్పెట్లు పరిచే పని చేసుకుంటూ లాంగ్ ఈటన్‌లో ఆడేవాడు. 1978 సెప్టెంబరులో, అప్పటి యూరప్ చాంపియన్ లివర్‌పూల్ మీద ఫారెస్ట్‌కి మొదటి గోల్ కొట్టింది అతనే.

క్లఫ్ నోటి ధాటి పత్రికలకు విందు. టేలర్‌ది పేరాలో మూడో వాక్యం. అయితే 1974లో, ఇద్దరూ కలిసి పనిచేస్తున్న బ్రైటన్‌లోనే టేలర్ ఉండిపోతే, ఒంటరిగా లీడ్స్‌కి మేనేజరుగా వెళ్లిన క్లఫ్ 44 రోజుల్లో బయటికొచ్చేశాడు. న్యాయంగా చెప్పాలంటే అటువైపూ అంతే: 1982లో డెర్బీకి ఒంటరిగా మేనేజరైన టేలర్ కూడా రాణించలేదు.

ఇద్దరినీ విడదీసింది కూడా ఒక కొనుగోలే. ఒళ్లు బరువెక్కి, సిగరెట్లు కాలుస్తూ, బద్ధకంగా కనిపించే జాన్ రాబర్ట్‌సన్‌ని వీళ్లిద్దరే దారిలో పెట్టారు. 1979 యూరోపియన్ కప్ ఫైనల్లో గెలుపు గోల్‌కి బంతి అందించింది అతని కాలు. 1980 ఫైనల్లో ఏకైక గోల్ అతనిదే. 1983లో ఆ రాబర్ట్‌సన్‌నే, క్లఫ్‌కి ఒక్క మాటైనా చెప్పకుండా, టేలర్ డెర్బీకి తీసుకుపోయాడు. 1990లో టేలర్ చనిపోయేదాకా ఆ ఇద్దరి మధ్యా మాటల్లేవు. నాలుగేళ్ల తర్వాత వచ్చిన ఆత్మకథను క్లఫ్ అతనికే అంకితమిచ్చాడు.