పాత ప్యాడ్లు పారేయొద్దు

బైకు వెనక బ్రేకు ప్యాడ్లు తొందరగా అరిగిపోతుంటే కొత్తవి వేయించుకుని వెళ్లిపోవడం సులువు. కానీ కడప జిల్లా తుమ్మలపల్లె నుంచి వేముల, పులివెందుల, వేంపల్లె పోయే దోవల్లో చేయి తిరిగిన మెకానిక్ ఎవరూ అలా పంపరు. ఊడదీసిన రెండు ప్యాడ్లనూ పక్కపక్కన పెట్టి, వేలితో తడిమి, ‘ఎందుకు అరిగినాయో తేలనీప్పా, కొత్తవి తర్వాత వేద్దాం’ అంటాడు. డ్రమ్ము బ్రేకుల కాలంలో లైనర్ మీది మెరుపు, మసి, గీతలు చూసి జబ్బు చెప్పిన ఉస్తాదులకు స్పానర్లు అందిస్తూ నేర్చుకున్న విద్య ఇది. డిస్కు బ్రేకులకూ అదే చూపు పనికొస్తోంది.

మామూలు బండ్ల వెనక క్యాలిపర్‌లో పిస్టన్ ఒకవైపే ఉంటుంది. అది తన పక్కనున్న ప్యాడ్‌ను నొక్కగానే క్యాలిపర్ మొత్తం పిన్నుల మీద జారి, అవతలి ప్యాడ్‌ను కూడా డిస్కుకు ఆనిస్తుంది. ఆ పిన్నులు తుప్పు పట్టి జారకపోతే పిస్టన్ వైపు ప్యాడ్ ఒక్కటే రేకు దాకా అరుగుతుంది, రెండోది దాదాపు కొత్తదిగానే మిగులుతుంది. ప్యాడ్ ఒక కొస మందంగా, ఇంకో కొస పలచగా ఉంటే ఒక పిన్ను పట్టేసిందనో, క్యాలిపర్ వంకరగా కూర్చుందనో అనుమానించాలి. పిన్నులు తుడిచి, బ్రేకుల కోసమే అమ్మే సిలికాన్ గ్రీజు రాయాలి. చేతికందిన బేరింగ్ గ్రీజు రాస్తే రబ్బర్లు ఉబ్బి మళ్లీ అదే జబ్బు.

ఇందులో ఈ నేల వాటా కూడా ఉంది. 2012లో ఉత్పత్తి మొదలైన తుమ్మలపల్లె గనిలో యురేనియం దొరికేది వేంపల్లె పేరు పెట్టుకున్న డోలమైటు పొరల్లో. వాటి కింద గువ్వలచెరువు పేరుతో ఒక క్వార్ట్‌జైట్, పైన పులివెందుల పేరుతో మరొకటి. డోలమైటు మెత్తటి రాయి. క్వార్ట్‌జైట్‌లో నిండా ఉండే క్వార్ట్‌జ్ అలా కాదు, మోస్ కొలతలో దాని గట్టిదనం 7. దుమ్ముతో వచ్చిన ఆ రేణువు మధ్యలో చిక్కితే ప్యాడ్‌నీ డిస్కునీ రెండింటినీ గీస్తుంది. అందుకే క్యాలిపర్‌ను నీళ్లతో, బ్రషుతో శుభ్రంగా కడగమంటాను. నోటితో ఊదడం మాత్రం మానాలి. వెనకటి లైనర్లలో రాతినార (ఆస్బెస్టాస్) కలిపేవాళ్లు. పులివెందుల దగ్గర బ్రాహ్మణపల్లెలో ఒకప్పుడు తవ్వింది ఆ ఖనిజాన్నే. దాని పొడి ఊపిరితిత్తులకు చేసే చేటు చిన్నది కాదు.

రెండు ప్యాడ్లూ సమానంగా, త్వరగా అరిగితే అసలు పరీక్ష మొదలవుతుంది. వెనక బ్రేకు తొక్కకుండా రెండు కిలోమీటర్లు నడిపి వచ్చి, డిస్కు మీద నాలుగు నీటి చుక్కలు చల్లాలి. చుయ్యిమంటే బ్రేకు వదలడం లేదన్నమాట. అప్పుడు చక్రం పైకి లేపి చేత్తో తిప్పాలి. బిగుతుగా ఉంటే క్యాలిపర్ మీది బ్లీడింగ్ నిపిల్‌ను కొద్దిగా వదులు చేయాలి. రెండు చుక్కల బ్రేకు ఆయిల్ చిమ్మి చక్రం తేలికైపోతే, తప్పు పైన, మాస్టర్ సిలిండర్ దగ్గరో హోస్‌లోనో ఉంది. అయినా తిరగకపోతే పిస్టనో పిన్నులో పట్టేశాయి. ఇంత చిన్న పనితో సగం బండి విప్పే శ్రమ తప్పించే ఈ కిటుకంటే నాకు ఎంతో గౌరవం.

పైన తప్పుంటే ముందు పెడల్ చూడాలి. కాలు పెట్టగానే కాస్త ఖాళీగా దిగాలి. ఆ ఆట లేకుండా రాడ్డు బిగించేస్తే మాస్టర్ సిలిండర్‌లోని సన్నటి రంధ్రం మూసుకునే ఉంటుంది. వేడికి వ్యాకోచించిన ఆయిల్ వెనక్కి పోయే దారి లేక ప్యాడ్లను నొక్కుతుంది, దాంతో వేడి ఇంకా పెరుగుతుంది. పొద్దున బాగున్న బ్రేకు మిట్టమధ్యాహ్నం పట్టేయడం ఇలాగే. ఆయిల్ గాలిలో తేమను పీలుస్తుంది, పిస్టన్‌కు తుప్పు తెస్తుంది, కాబట్టి రెండేళ్లకోసారి మార్చాలి.

యంత్రంలో తప్పేమీ లేకపోతే కాలు మీద అనుమానం. పెడల్ మీద పాదం ఆనించి నడిపేవాళ్లను వెనక నుంచి వచ్చేవాళ్లు పట్టేస్తారు, ఎర్రలైటు ఆరదు. ముందు బ్రేకు పడితే బోల్తా పడతామన్న భయంతో వెనకదే తొక్కడం ఇంకొకటి. బ్రేకు వేయగానే బరువు ముందుకు వాలుతుంది గనుక, బండిని ఎక్కువగా ఆపేది ముందు చక్రమే. 125 సీసీ మించిన కొత్త బండ్లకు 2019 ఏప్రిల్ నుంచి, చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ తప్పనిసరి కూడా. గువ్వలచెరువు ఘాటు దిగేటప్పుడు వెనక పెడల్ తొక్కి పట్టకుండా గేరు తగ్గించి, రెండు బ్రేకులూ వాడాలి.

కారణం దొరికాకే కొత్త ప్యాడ్లు వేయించండి. డిస్కు మందం దాని మీద అచ్చు పోసిన అంకె కన్నా తగ్గలేదని చూసుకోండి. ఇంజన్ ఆయిల్ మార్చేటప్పుడు రెండు ప్యాడ్ల మందాన్నీ పోల్చి చూడమని మెకానిక్‌ను అడగండి. అరుగుదల సమంగా, నిదానంగా ఉంటే మరమ్మతు కుదిరినట్టే.